బండి ఎప్పుడు వేడెక్కుతోంది?

మనం సీఎస్‌ఈ వాళ్లం కాబట్టి బగ్ అనగానే కోడ్ గుర్తొస్తుంది. ఈ ఎండాకాలం నేను అన్నిటికంటే ఎక్కువసేపు వెతికిన బగ్ మాత్రం మా డాడీ మారుతి 800లో ఉంది. 2007 మోడల్. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి ఇంకో ఐదేళ్లకి రిజిస్ట్రేషన్ కూడా పొడిగించుకున్నాం. 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అయినా మన సిటీలో చాలా ఇళ్ల ముందు ఇప్పటికీ కనిపిస్తుంది. అలాంటి పాత బండి వేడెక్కితే ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి అని చెప్పడానికే ఈ ఆర్టికల్.

మేం ఉండేది దిల్‌సుఖ్‌నగర్. నాయనమ్మ ఉండేది నకిరేకల్. మోకాళ్ల నొప్పులతో బస్సు ఎక్కలేదు. అందుకే నెలకోసారి డాడీ వెళ్లి, చెకప్ కోసం ఎల్‌బీ నగర్‌లో హాస్పిటల్‌కి తీసుకొస్తారు. ఏప్రిల్‌లో బండి టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోవడం మొదలైంది. ఒక షెడ్‌లో చూపిస్తే ఐదు నిమిషాల్లోనే "హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ విప్పాలి" అన్నారు. చెప్పిన ఖర్చు, బండి అమ్మితే వచ్చే డబ్బులో సగం పైనే. డాడీ ఇక అమ్మేద్దాం అన్నారు. ఇంకో బండి కొనే పరిస్థితి లేదు. అంటే నాయనమ్మ ప్రయాణం కూడా ఆగిపోయినట్టే.

ముందు ఇంజిన్ ఎలా చల్లబడుతుందో చూద్దాం. పెట్రోల్ మండితే వచ్చే శక్తిలో చాలా భాగం వేడిగానే పోతుంది. కొంత సైలెన్సర్ పొగతో వెళ్లిపోతుంది, ఇంకొంత కూలెంట్ మోసుకెళ్లాలి. వాటర్ పంప్ ఆ కూలెంట్‌ని ఇంజిన్ చుట్టూ తిప్పుతుంది. థర్మోస్టాట్ ఒక తలుపు లాంటిది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు మూసుకుని ఉండి, సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు కూలెంట్ రేడియేటర్‌లోకి వెళ్లి గాలికి చల్లారుతుంది. బండి నడుస్తుంటే గాలి దానంతటదే వస్తుంది. ఆగితే ఫ్యాన్ తిరగాలి. ఇక రేడియేటర్ మూత లోపల ప్రెషర్ నిలబెడుతుంది. అందువల్ల 100 దగ్గర మరగాల్సిన నీళ్లు సుమారు 120 దాకా మరగవు. మూత రబ్బరు అరిగిపోయినా చాలు, మిగతావన్నీ బాగున్నా నీళ్లు పొంగుతాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ పార్టుల్లో ఒక్కోదానికి పని ఎక్కువయ్యే టైమ్ వేరు. అందుకే బండి ఎప్పుడు వేడెక్కుతోందో తెలిస్తే ఏ పార్టు పని చేయట్లేదో చాలావరకు తెలుస్తుంది.

సిగ్నల్ దగ్గర ఆగితే వేడెక్కి, స్పీడ్ అందుకోగానే చల్లబడితే మొదటి అనుమానం ఫ్యాన్ మీద. అంబాసిడర్ లాంటి పాత బండ్లలో ఫ్యాన్‌ని ఇంజిన్ బెల్టే తిప్పుతుంది కాబట్టి అక్కడ బెల్టు చూడాలి. మా దాంట్లో ఉన్నది కరెంట్ ఫ్యాన్.

దీనికి రివర్స్‌లో, ఊళ్లో బాగానే ఉండి హైవే మీద వేడెక్కితే రేడియేటర్ మూసుకుపోయి ఉండొచ్చు. కూలెంట్ బదులు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తే, కాఫీ గిన్నె అడుగున పట్టినట్టే సన్న గొట్టాల్లో తెల్లటి పొర పడుతుంది. తక్కువ స్పీడ్‌లో ఎలాగో నడుస్తుంది గానీ వేడి ఎక్కువ పుట్టినప్పుడు సరిపోదు.

స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే ముల్లు పైకి పోయి, రేడియేటర్‌కి వెళ్లే పై గొట్టం మాత్రం చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు. కొందరు దాన్ని పీకేసి పంపిస్తారు. అప్పుడు ఇంజిన్ వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, మైలేజ్ తగ్గుతుంది. కొత్తది వేయించడమే కరెక్ట్.

కూలెంట్ తగ్గిపోతూ, కింద ఎక్కడా తడి లేకపోతే అప్పుడు హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించాలి. దానికి సాక్ష్యాలుంటాయి. సైలెన్సర్ నుంచి తీపి వాసనతో తెల్ల పొగ ఆగకుండా వస్తుంది, రేడియేటర్‌లో బుడగలు వస్తుంటాయి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసిన టీలా కనిపిస్తుంది. మా బండిలో ఇందులో ఒక్కటీ లేదు.

అందుకే నాలుగు రోజులు డాడీ పక్కన కూర్చుని ఫోన్‌లో లాగ్ రాశాను. టైమ్, ప్లేస్, స్పీడ్, ముల్లు ఎక్కడుంది, అంతే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి దాకా ముల్లు మధ్యలో. కొత్తపేట సిగ్నల్ దగ్గర పైకి. విక్టోరియా మెమోరియల్ స్టేషన్ కింద జామ్‌లో ఎర్ర గీతకి దగ్గరగా. ఎల్‌బీ నగర్ దాటి, వనస్థలిపురం మీదుగా హయత్‌నగర్ వైపు అరవైలో వెళ్తుంటే మళ్లీ మధ్యకి. నాలుగు రోజులూ ఇదే వరస.

ఎల్‌బీ నగర్‌లో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ అన్న దగ్గరికి వెళ్లాం. బానెట్ తెరవకముందే ఆయన అడిగిన మొదటి మాట, "తమ్మీ, బండి నడుస్తుంటె వేడైతుందా, నిలబడితె వేడైతుందా?" లాగ్ చూపించాను. నవ్వి, "సగం పని నువ్వే జేసినవ్" అన్నారు.

తర్వాత ఆయన ఒక్కోటి చెక్ చేసుకుంటూ వెళ్లారు. ఫ్యాన్‌కి బ్యాటరీ నుంచి నేరుగా కరెంట్ ఇచ్చారు, తిరిగింది. అంటే మోటర్ ఓకే. ఫ్యూజ్ చూశారు, ఓకే. రిలే మార్చి చూశారు, తేడా లేదు. ఇక మిగిలింది కూలెంట్ వేడిని బట్టి ఫ్యాన్‌ని ఆన్ చేసే థర్మో స్విచ్. దాని వైర్లు రెండూ కలిపితే ఫ్యాన్ తిరిగింది. పోయింది ఆ చిన్న స్విచ్. కొత్తది వేయడానికి అయిన ఖర్చు, షెడ్‌లో చెప్పినదాంట్లో పదో వంతు కూడా కాదు.

అంతటితో ఆగలేదు. వేడికి గ్యాస్కెట్ కూడా దెబ్బతిని ఉంటే? రిజర్వ్ ట్యాంక్ మీద మార్కర్‌తో గీత పెట్టి, రోజూ పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వారం పాటు చూశాం. లెవల్ తగ్గలేదు. ఆ తర్వాతే పంతంగి టోల్‌గేట్ దాటి నకిరేకల్ వెళ్లాం, నాయనమ్మని తీసుకొచ్చాం. అమ్మే మాట ప్రస్తుతానికి లేదు.

మీ బండి దారిలో వేడెక్కితే ఇవి గుర్తుపెట్టుకోండి. ముందు ఏసీ ఆపండి. హీటర్ ఉంటే ఫుల్‌గా పెట్టండి, ఉక్కపోసినా పర్లేదు, అది ఇంజిన్ వేడిని కొంత బయటికి లాగుతుంది. ఆవిరి వస్తున్నా, ముల్లు ఎరుపులోకి వెళ్లినా పక్కకి ఆపి ఇంజిన్ ఆఫ్ చేయండి. వేడి మీద రేడియేటర్ మూత అస్సలు తిప్పొద్దు. ప్రెషర్ పోగానే లోపలి నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి తన్నుతాయి. కనీసం అరగంట ఆగండి. కాలిపోతున్న ఇంజిన్ మీద చల్లనీళ్లు కూడా పోయొద్దు, హెడ్ పగలొచ్చు. ఆఫ్ చేశాక కూడా కొన్ని బండ్లలో ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది కాబట్టి చేతులు దూరంగా పెట్టండి. ఇంకోటి, కూలెంట్ బాగా తగ్గిపోతే సెన్సర్‌కి నీళ్లు తగలక ముల్లు కిందికి కూడా రావొచ్చు. ఆవిరి కనిపిస్తుంటే ముల్లుని నమ్మొద్దు.

మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు "బండి వేడెక్కుతోంది" అని చెప్పి ఊరుకోకండి. ఆగితేనా, నడిస్తేనా, స్టార్ట్ చేసిన ఎంతసేపటికి, నీళ్లు తగ్గుతున్నాయా, ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. హెడ్ విప్పాలి అని ఎవరైనా అంటే, ఏం చూసి అంటున్నారో అడగండి. మంచి మెకానిక్ అయితే ఏం చూశారో మీకూ చూపిస్తారు.