పాత గోతాలు: విడదీసి అమ్మితేనే గిట్టుబాటు

సరుకు ధర పైసలతో సహా చూచే వర్తకుడు ఖాళీ గోతాలను మాత్రం గుట్టగా లెక్కకట్టి వదిలించుకుంటాడు. ఆహారధాన్యాలకు జనపనార సంచులు తప్పనిసరి చేస్తూ 1987లో చట్టం వచ్చింది. 2020లో లాక్‌డౌన్ వల్ల బెంగాల్ మిల్లులు మూతపడి కొత్త గోతాలకు కరువు వచ్చినప్పుడు, ఒకసారి వాడినవాటిని కూడా ప్రభుత్వం అనుమతించవలసి వచ్చింది. పాత గోతాం విలువ అప్పుడుగాని చాలామందికి తెలియలేదు.

కొనేవారు చూచేది కుట్టు, చిల్లు, తేమ, వాసన. ఇందులో వాసనే చిక్కు. చిల్లుకు మాటు వేయవచ్చు, తడిసినదాన్ని ఎండలో ఆరవేయవచ్చు. తాడేపల్లిగూడెం మార్కెట్టులో ఉల్లి దింపుకున్న గోతాన్ని బియ్యం మిల్లరు ముట్టుకోడు. అది తిరిగి ఉల్లికే పోవాలి. ఒక గుట్టలో నాలుగు ఉల్లి గోతాలు కలిస్తే మిగతావాటి ధర కూడా దిగుతుంది. అందుచేత వాడిన సరుకును బట్టి ముందే విడదీయడం మేలు.

ప్లాస్టిక్ సంచుల దారి వేరు. కొల్లేరు ప్రాంతపు చేపల చెరువుల్లో వీటికి చిల్లులు పొడిచి, తవుడు, చెక్క నింపి, కర్రలకు కట్టి నీటిలో వేలాడదీస్తారు. చేపలు చిల్లుల దగ్గర చేరి మేస్తాయి. జనపనార అయితే నీటిలో చివికిపోతుంది. మిల్లులో చిల్లు తరుగు. చెరువులో అదే అవసరం.