పాత ఫియట్‌ను రేసు కారుగా మార్చాలంటే సైలెన్సర్ పీకేస్తే సరిపోదు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఈ మూడు ఊళ్లలో ఏ మెకానిక్ షెడ్డుకు వెళ్లినా పానా చేతపట్టి ఇంజిన్ మీద వంగిన మన పిల్లాడు ఒకడైనా కనిపిస్తాడు. ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుని, పది మందికి పని నేర్పే స్థాయికి ఎదిగినవాళ్లు మన కుటుంబాల్లో చాలామందే ఉన్నారు. ఈమధ్య ఆ షెడ్లకు వచ్చే కుర్రాళ్లు అడిగే మాట ఒకటే: "భాయ్, దీన్ని రేసు బండిలా చేసివ్వు."

అడిగేది బైకు గురించి కావచ్చు, ఇంట్లో టార్పాలిన్ కింద దుమ్ము పట్టిన దాదా కాలం నాటి ఫియట్ గురించి కావచ్చు. రేసు బండి అంటే వాళ్ల మనసులో ఉండేది పెద్ద చప్పుడు, వెడల్పు టైర్లు, మీద నాలుగు స్టిక్కర్లు. రేసు కోసం పాత కార్లను నిజంగా మార్చినవాళ్లు మాత్రం చప్పుడుతో పని మొదలుపెట్టలేదు. వాళ్లు ఏం మార్చారో, ఎందుకు మార్చారో తెలిస్తే మన పిల్లలకు రెండు లాభాలు. డబ్బు వృథా కాదు, ప్రాణం మీదికి రాదు.

షోలవరం రోజులు

మన దక్షిణాదిలో కార్ల రేసులకు పుట్టినిల్లు మద్రాసు. అక్కడ 1953లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ పెట్టారు. నగరానికి ఉత్తరాన షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత విమాన రన్‌వే ఉంది. దాని మీదే ఏళ్ల తరబడి రేసులు నడిచాయి. తర్వాత ఇరుంగాట్టుకోట్టైలో అసలైన రేస్ ట్రాక్ కట్టారు.

ఆ రోజుల్లో విదేశీ స్పోర్ట్స్ కార్లు కొనే స్తోమత మహారాజులకు, పెద్ద పారిశ్రామికవేత్తలకే ఉండేది. మిగతావాళ్లు రోడ్డు మీద తిరిగే ఫియట్ 1100నే రేసుకు తయారు చేసుకునేవాళ్లు. తర్వాత ప్రీమియర్ పద్మిని పేరుతో బొంబాయిలో టాక్సీగా తిరిగింది ఈ బండే. దీని ఇంజిన్ 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, శక్తి సుమారు 40 హార్స్‌పవర్. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఇలాంటి ఇంటి బండిని రేసుకు దింపాలంటే ఎక్కడ చేయి పెట్టాలి?

మొదట బరువు తీసేస్తారు

ఇంజిన్ ముట్టుకోకముందే చేసే పని ఇది. వెనక సీటు, కార్పెట్లు, తలుపుల లోపలి అట్టలు, హీటర్, స్టెప్నీ, ఇలా రేసుకు అక్కర్లేనివన్నీ దింపేస్తారు. ఫియట్ బరువు సుమారు 900 కిలోలు. అందులో 100 కిలోలు తగ్గిస్తే అదే 40 హార్స్‌పవర్ ఇంజిన్ బండిని ఇంకా చురుగ్గా లాగుతుంది, బ్రేకు కూడా ముందుగా పడుతుంది, మలుపులో బండి తక్కువ ఊగుతుంది. ఒక్క మార్పుతో మూడు లాభాలు వచ్చేది ఇక్కడ మాత్రమే.

హిందూపురానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరులో 1980లలో సిపానీ కంపెనీ డాల్ఫిన్ అనే చిన్న కారు తయారు చేసింది. 848 సీసీ ఇంజిన్, ఫైబర్ గ్లాస్ బాడీ. మార్కెట్లో మారుతి ముందు నిలవలేకపోయింది గానీ, ర్యాలీలు నడిపేవాళ్లు దాన్ని వెతికి మరీ కొన్నారు. కారణం బరువు తక్కువ కావడమే.

తర్వాత ఇంజిన్‌కు ఊపిరి

ఇంజిన్ శక్తి అంతా లోపలికి వెళ్లే గాలి మీద ఆధారపడి ఉంటుంది. సుమారు 15 పాళ్ల గాలికి 1 పాలు పెట్రోలు కలిస్తేనే సరిగ్గా మండుతుంది. ఎక్కువ పెట్రోలు మండించాలంటే ముందు ఎక్కువ గాలి లోపలికి పోవాలి. అందుకని ఒక చిన్న కార్బురేటర్ తీసి రెండు పెద్దవి పెడతారు. హెడ్‌లో గాలి దారులను రుద్ది నున్నగా చేస్తారు. వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉండేలా వేరే క్యామ్ షాఫ్ట్ వేస్తారు. పొగ బయటికి పోయే గొట్టాలను నాలుగు సిలిండర్లకూ ఒకే పొడవులో వంచి కలుపుతారు.

సైలెన్సర్ సంగతి వచ్చేది ఈ చివరి దశలోనే. గొట్టం పొడవు, వెడల్పు లెక్క ప్రకారం ఉంటే ఒక సిలిండర్ నుంచి పోయే పొగ తర్వాతి సిలిండర్ పొగను లాగేస్తుంది. లెక్క లేకుండా సైలెన్సర్ పీకేస్తే ఆ లాగుడు ఉండదు. పెట్రోలు, గాలి పాళ్లు చెడి ఇంజిన్ వేడెక్కుతుంది, వాల్వులు కాలిపోతాయి. చప్పుడు రెండింతలు అవుతుంది, బండి మాత్రం ఎప్పటిలాగే పోతుంది. కొత్త బీఎస్6 బైకుల్లో అయితే పొగ గొట్టంలోనే సెన్సర్, పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటాయి. వాటిని తీస్తే బండి కంప్యూటర్‌కు తప్పు లెక్కలు అందుతాయి.

కంప్రెషన్ లెక్క

పాత ఇంజిన్లలో ఎక్కువ ఫలితం ఇచ్చే పని హెడ్ ఫేసింగ్. లేత్ షాపు వాళ్లకు ఇది బాగా తెలుసు. హెడ్ అడుగు భాగాన్ని కొంచెం చెక్కితే, పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ తగ్గుతుంది.

లెక్క చూద్దాం. 1089 సీసీని నాలుగు సిలిండర్లకు పంచితే ఒక్కోదానికి సుమారు 272 సీసీ. పైన మిగిలే ఖాళీ 40 సీసీ అనుకుందాం. రెండూ కలిపి 312. దాన్ని 40తో భాగిస్తే 7.8. అదే కంప్రెషన్ రేషియో. హెడ్ చెక్కి ఆ ఖాళీని 34 సీసీకి తెచ్చామనుకోండి. 306ను 34తో భాగిస్తే సరిగ్గా 9. అదే పెట్రోలు నుంచి ఇప్పుడు ఎక్కువ పని రాబట్టొచ్చు.

అలాగని చెక్కుకుంటూ పోతే కుదరదు. ఒత్తిడి మరీ పెరిగితే పెట్రోలు తన సమయానికి ముందే పేలి, ఇంజిన్ టకటక కొట్టుకుంటుంది. నాకింగ్ అంటారు దీన్ని. పిస్టన్‌కు చిల్లు పడేది దీనివల్లే. కొన్నిసార్లు వాల్వు వచ్చి పిస్టన్‌కు తగులుతుంది కూడా. అందుకే మంచి మెకానిక్ చెక్కే ముందు కొలుస్తాడు, చెక్కాక మళ్లీ కొలుస్తాడు, రెండూ పుస్తకంలో రాసుకుంటాడు.

ఒకటి మారిస్తే నాలుగు మార్చాలి

ధర్మవరం చేనేత ఇళ్లవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. మగ్గం మీద ఒక చోట బిగువు పెంచితే ఇంకో చోట పోగు తెగుతుంది. ఇంజిన్ కూడా అంతే. వేగంగా తిరిగే ఇంజిన్‌కు క్రాంక్ షాఫ్ట్, ఫ్లైవీల్ బ్యాలెన్స్ చేయాలి. లేదంటే వణుకుతో బేరింగులు పోతాయి. వేడి పెరుగుతుంది కాబట్టి పెద్ద రేడియేటర్, ఆయిల్ కూలర్ కావాలి. మలుపులో ఆయిల్ ఒక పక్కకు జరిగిపోయి పంపుకు అందకపోతే బేరింగులు క్షణాల్లో పట్టేస్తాయి. అందుకని ఆయిల్ సంపు లోపల అడ్డుగా రేకులు వెల్డింగ్ చేస్తారు. ఎక్కువ శక్తిని పాత క్లచ్ ప్లేటు తట్టుకోలేదు, అదీ మార్చాలి. గేర్లను వాటి నిష్పత్తులు దగ్గర దగ్గరగా ఉండేలా వేయాలి.

వీటన్నిటి తర్వాత మిగిలింది బ్రేకు. చివర చెప్తున్నా అన్నిటికన్నా ముఖ్యం ఇదే. వేగం రెండింతలైతే బండిలో ఉన్న శక్తి నాలుగింతలు అవుతుంది. 60లో పోయే బండి ఎంత దూరంలో ఆగుతుందో, 120లో పోయేటప్పుడు బ్రేకు తొక్కాక దానికి నాలుగింతల దూరం కావాలి. డ్రమ్ బ్రేకులు వరుసగా నాలుగైదు సార్లు గట్టిగా తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి.

మినీ కారు చెప్పే పాఠం

దీనికి ప్రపంచం మెచ్చిన ఉదాహరణ ఇంగ్లండ్‌లోని మినీ. అలెక్ ఇసిగోనిస్ డిజైన్ చేసిన ఈ చిన్న కారు 1959లో వచ్చింది. ఇసిగోనిస్ పుట్టింది ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్‌లో. మినీ మామూలు కుటుంబాల కోసం చేసిన బండి: 848 సీసీ, 34 హార్స్‌పవర్. రేసు కార్లు కట్టే జాన్ కూపర్ దాని మీద దృష్టి పెట్టాడు. 1961లో వచ్చిన మినీ కూపర్‌లో ఇంజిన్ 997 సీసీ అయింది, రెండు కార్బురేటర్లు చేరాయి, గేర్లు మారాయి, శక్తి 55 హార్స్‌పవర్‌కు పెరిగింది. ఇంజిన్ పెంచిన ఆ బండికే ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులూ పెట్టారు. బ్రేకును తర్వాత చూసుకుందాం అనుకోలేదు.

ఆ చిన్న బండి 1964, 1965, 1967లలో మాంటీ కార్లో ర్యాలీ గెలిచి పెద్ద పెద్ద కార్లను వెనక్కి నెట్టింది. 1966లో కూడా మొదటి మూడు స్థానాల్లో మినీలే వచ్చాయి. కానీ హెడ్‌లైట్ల బల్బులు నిబంధనలకు లేవంటూ వాటిని పోటీ నుంచే తీసేశారు. రేసు బండికి కూడా రూల్స్ ఎంత గట్టిగా ఉంటాయో చూడండి. రేసంటే ఇష్టం వచ్చినట్టు మార్చుకోవడం అని ఎవరైనా అంటే ఈ కథ చెప్పండి.

మన చట్టం ఏమంటుంది?

రేస్ ట్రాక్ మీద చెల్లే మార్పు జాతీయ రహదారి 44 మీద చెల్లదు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. 2019 సవరణ ప్రకారం అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ పరిమితులు దాటితే 10,000 రూపాయల వరకు జరిమానా, 3 నెలలు లైసెన్స్ రద్దు ఉండొచ్చు. పబ్లిక్ రోడ్డు మీద రేసు పెట్టడం వేరే నేరం.

అబ్బా, అమ్మీలు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. 18 ఏళ్లు నిండని పిల్లాడు బండి తీసుకుని నేరం చేస్తే కేసు తల్లిదండ్రుల మీద లేదా బండి యజమాని మీద పడుతుంది. 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. డ్రైవింగ్ మీద బతకాలనుకునే ఇంట్లో ఇది చిన్న దెబ్బ కాదు.

దాదా కారు ఇంట్లో ఉంటే

పాత కారు ఉన్నవాళ్లు ముందే ఒక నిర్ణయం తీసుకోవాలి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కారును లేదా బైకును వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు తీసుకెళ్లొచ్చు గానీ రోజువారీ వాడకానికి, కిరాయికి తిప్పకూడదు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసిన బండికి ఈ హోదా దక్కదు.

అంటే దాదా కారును జ్ఞాపకంగా ఉంచుకోవాలా, రేసు బండిగా మార్చాలా అన్నది మొదటి పానా తిప్పకముందే తేల్చుకోవాలి. ఒకసారి హెడ్ చెక్కి, బాడీ కోశాక వెనక్కి రావడం కష్టం. తీసిన ప్రతి సామానునూ చీటీ కట్టి దాచడం అందుకే మంచిది.

సరదా ఉంటే దారి ఉంది

వేగం మీద ఇష్టం తప్పేమీ కాదు. ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేలో క్రమపద్ధతిలో పోటీలు జరుగుతాయి. మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల ఫెడరేషన్ ఇచ్చే లైసెన్స్, హెల్మెట్, మంట అంటుకోని సూట్ ఉండాలి. కారులో రోల్ కేజ్, మంటలార్పే సిలిండర్ ఉండాలి. కోయంబత్తూరు ట్రాక్‌కు పేరు వచ్చింది కరివర్ధన్ నుంచి. ఆయన మారుతి 800 ఇంజిన్‌తో తక్కువ ఖర్చులో ఫార్ములా మారుతి అనే రేసు కారు తయారు చేశారు. అలాంటి కార్లు నడిపి ఎదిగిన నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా 1 నడిపిన మొదటి భారతీయుడు అయ్యాడు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ దగ్గర ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు కూడా రోడ్లు మూసి, రెండు పక్కలా కంచె కట్టాకే కార్లు వదిలారు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడైనా, రేసు గ్యారేజీలోనైనా, మన ఊరి షెడ్డులోనైనా విలువ ఒకే పనికి: కొలిచి, రాసుకుని, మళ్లీ కొలిచే చేతికి. కాబట్టి ఈసారి మీ అబ్బాయి "రేసు బండిలా చేయించుకుంటా" అంటే కోప్పడే ముందు ఒక ప్రశ్న అడగండి: "బ్రేకు ఏం మారుస్తున్నావు బేటా?" దానికి జవాబు లేకపోతే ఆ బండి ఇంకా రేసుకు తయారు కానట్టే.