ఫొటో క్లారిటీ లేదా? ఫోన్ మార్చమనే ముందు ఒరిజినల్ ఫైల్ అడగండి

"బ్రో, క్లారిటీ ఎలా ఉంది? కొత్త ఫోన్‌తో తీశా." ఫొటోగ్రఫీ పిచ్చి ఉన్న నలుగురు చేరిన ఏ వాట్సాప్ గ్రూపులోనైనా ఇలాంటి మెసేజ్ రోజూ కనిపిస్తుంది. రిప్లైలు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకరు సూపర్ అంటారు, ఒకరు జీక్యామ్ వేసుకోమంటారు, ఇంకొకరు రెండు వేళ్లతో జూమ్ చేసి "డీటెయిల్స్ లేవు, ఫోన్ మార్చెయ్" అని తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు ఖరీదు ఒక్కోసారి 30 వేలు, 40 వేలు. తీరా కొత్త ఫోన్ కొని ఫొటో పెడితే మళ్లీ అదే మాట: "డీటెయిల్స్ లేవు బ్రో."

ఎందుకంటే గ్రూపులో అందరూ జూమ్ చేసి చూసేది ఆ ఫోన్ దాచుకున్న ఫైల్‌ని కాదు. యాప్ కుదించి పంపిన కాపీని. ఆ కాపీని చూసి కెమెరాకి మార్కులేస్తే ఏ ఫోనైనా ఫెయిలే!

పంపగానే ఏం పోతుంది?

లెక్క చూద్దాం. 12 మెగాపిక్సెల్ ఫొటో అంటే 4000 బై 3000, మొత్తం 1.2 కోట్ల పిక్సెల్స్. వాట్సాప్‌లో మామూలు క్వాలిటీతో పంపితే పొడవు వైపు సుమారు 1600 పిక్సెల్స్‌కి దిగిపోతుంది. అంటే 1600 బై 1200, దాదాపు 19 లక్షల పిక్సెల్స్. ఆరో వంతు కూడా మిగల్లేదు. ఇన్‌స్టాగ్రామ్‌ పోస్టులో అయితే వెడల్పు 1080 పిక్సెల్స్ దగ్గరే ఆగిపోతుంది. ఫోన్ స్క్రీన్ మీద మామూలుగా చూస్తే ఈ తేడా పెద్దగా తెలియదు. జూమ్ చేసినప్పుడే బయటపడుతుంది, మనవాళ్లు చేసేదేమో సరిగ్గా అదే.

సైజు తగ్గడం ఒక్కటే అయితే ఫర్వాలేదు. దాని మీద జేపెగ్ కంప్రెషన్ ఇంకోసారి పడుతుంది. జేపెగ్ బొమ్మను 8 బై 8 పిక్సెల్స్ గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలో మన కంటికి అంతగా ఆనని సన్నటి వివరాలను ముందు వదిలేస్తుంది. అందుకే గడ్డి, జుట్టు, చెట్ల ఆకులు, చీర నేత లాంటివి మొదట దెబ్బతింటాయి. ఆకాశంలో ఒక నీలం నుంచి ఇంకో నీలంలోకి మెల్లగా మారాల్సిన చోట మెట్లు మెట్లుగా చారలొస్తాయి.

రంగుల విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మన కన్ను వెలుగులో తేడాని పట్టినంత బాగా రంగులో తేడాని పట్టదు. ఆ ధీమాతో చాలా జేపెగ్ ఫైల్స్‌లో రంగు సమాచారాన్ని నిలువుగా సగం, అడ్డంగా సగం చేసి దాస్తారు. మామూలు సీన్లలో ఎవరికీ తెలియదు. ఎర్ర పట్టుచీర మీద సన్నటి జరీ గీతో, నల్లటి బ్యాక్‌గ్రౌండ్ ముందు కుంకుమ బొట్టో ఉంటే మాత్రం అంచులు పలచగా చెదిరినట్టు కనిపిస్తాయి. "ఈ ఫోన్‌కి రెడ్ కలర్ రాదు బ్రో" అనే కామెంట్లలో కొన్నిటి వెనక ఉన్నది ఇదే. ఇక ఆ కాపీని ఇంకొకరు స్క్రీన్‌షాట్ తీసి వేరే గ్రూపులో పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

2023లో వాట్సాప్ హెచ్‌డీ ఆప్షన్ తెచ్చింది. మామూలు దానికంటే చాలా నయం, ఫ్యామిలీ ఫొటోలకి వాడండి. కానీ అదీ కంప్రెస్ చేసిన కాపీయే. క్వాలిటీ గురించి సలహా అడగాలంటే అది సరిపోదు.

ఫైల్‌ని ఫైల్‌గా పంపండి

దారి సులువే. వాట్సాప్‌లో అటాచ్ గుర్తు నొక్కి, గ్యాలరీకి బదులు డాక్యుమెంట్ ఎంచుకుని అక్కడి నుంచి ఫొటో పంపండి. టెలిగ్రామ్‌లో ఫైల్‌గా పంపే ఆప్షన్ ఉంది. ఫొటోలు ఎక్కువైతే డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇవ్వడం మేలు. గూగుల్ ఫొటోస్ లింక్ ఇచ్చేవాళ్లు బ్యాకప్ క్వాలిటీ ఒరిజినల్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి. స్టోరేజ్ సేవర్‌లో ఉంటే అక్కడా కుదింపు జరిగినట్టే, 16 మెగాపిక్సెల్స్ దాటిన ఫొటోలైతే సైజు కూడా తగ్గుతుంది. ఐఫోన్ వాళ్లు పంపే హెచ్ఈఐసీ ఫైల్స్ కొన్ని పాత కంప్యూటర్లలో తెరుచుకోవు, అది వేరే తలనొప్పి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు వెళ్లలేం. ఫొటోగా పంపినప్పుడు వాట్సాప్ ఫైల్‌తో పాటు ఉండే ఎగ్జిఫ్ సమాచారాన్ని తీసేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఆ సమాచారమంతా అలాగే వెళ్తుంది. షటర్ స్పీడ్, ఐఎస్ఓ లాంటివి వెళ్లడం మనకు కావాల్సిందే. కానీ కెమెరాలో లొకేషన్ ట్యాగ్ ఆన్‌లో ఉంటే ఫొటో తీసిన చోటు కూడా వెళ్తుంది. మేడ మీద తులసికోట ఫొటో తీసి, 200 మంది ఉన్న గ్రూపులో ఒరిజినల్ పెట్టారనుకోండి, మీ ఇల్లెక్కడో మ్యాప్‌లో వేలు పెట్టి చూపించినట్టే. అమ్మాయిలు, చిన్నపిల్లల ఫొటోలు తీసేవాళ్లు దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆఫ్ చేసుకోండి. అయితే అది ఇకపై తీసే వాటికే పనిచేస్తుంది, పాత ఫొటోలకి కాదు. ఐఫోన్‌లో షేర్ చేసేటప్పుడు పైన ఆప్షన్స్ నొక్కితే లొకేషన్ తీసేసి పంపే వీలుంది. ఆండ్రాయిడ్‌లో చాలా బ్రాండ్ల గ్యాలరీ యాప్స్‌లోనూ ఇలాంటిది ఉంటుంది.

బ్లర్ అంటే ఏ బ్లర్?

ఒరిజినల్ చేతికొచ్చింది. ఇప్పుడు జూమ్ చేయండి, తప్పులేదు. మనవాళ్లు అన్నిటికీ కలిపి "బ్లర్" అనే ఒక్క మాట వాడతారు, సలహాలు పక్కదారి పట్టేది అక్కడే. వేర్వేరు కారణాలతో వచ్చే బ్లర్‌లు వేర్వేరుగా కనిపిస్తాయి, మందు కూడా వేరే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బతుకమ్మ రోజు రాత్రి, కాలనీ గ్రౌండ్, చుట్టూ ఎల్‌ఈడీ లైట్లు. మధ్యలో బతుకమ్మలు, చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగే ఆడవాళ్లు. ఫోన్ కెమెరాకి ఇంతకంటే కష్టమైన పరీక్ష పెట్టలేం! వెలుగు తక్కువ, కదలిక ఎక్కువ, రంగులు గాఢం.

వెనక ఉన్న గుడి గోడ, స్తంభాలు షార్ప్‌గా ఉండి, ఆడేవాళ్ల చేతులు మాత్రమే సాగినట్టుంటే అది మనుషుల కదలిక. గూగుల్ ఫొటోస్‌లో ఫొటోని పైకి స్వైప్ చేసి వివరాలు చూడండి. షటర్ 1/20 అని ఉందంటే సంగతి అర్థమైపోతుంది, చప్పట్లు కొట్టే చేతిని ఆపడానికి ఆ వేగం చాలదు. 1/125 లేదా అంతకంటే వేగం కావాలి. "ఓఐఎస్ ఉన్న ఫోన్ కొను" అనే సలహా ఇక్కడ శుద్ధ దండగ. ఓఐఎస్ మీ చెయ్యి వణికితే సర్దుతుంది, ఎదుటివాళ్ల చెయ్యి కదిలితే అదేం చేస్తుంది? ప్రో మోడ్‌లో షటర్ పెంచి గ్రెయిన్‌ని ఒప్పుకోవడం, లేదంటే చప్పట్ల మధ్య చేతులు ఒక్క క్షణం ఆగే చోట నొక్కడం, అంతే.

గోడతో సహా మొత్తం ఫ్రేమ్ ఒకే దిక్కుకి సాగినట్టుంటే అది మీ చెయ్యి. దేన్నైనా ఆనుకోండి, వాల్యూమ్ బటన్‌తో తీయండి, లేదా 2 సెకన్ల టైమర్ పెట్టండి.

ముందున్న మనిషి మెత్తగా, వెనకున్న బతుకమ్మ షార్ప్‌గా ఉంటే ఫోకస్ తప్పింది. నొక్కే ముందు ముఖం మీద ట్యాప్ చేసి ఉంటే సరిపోయేది.

అన్నీ కదలకుండానే ఉన్నాయి, ఫోకస్ కూడా సరిగ్గానే ఉంది, కానీ చీర నేత, జుట్టు మొత్తం నీళ్ల రంగులతో అలికేసినట్టున్నాయా? ఐఎస్ఓ చూడండి. 3200 అలా ఉంటే, వెలుగు చాలక వచ్చిన నాయిస్‌ని సాఫ్ట్‌వేర్ తుడిచేసింది, నాయిస్‌తో పాటు వివరాలూ పోయాయి. ఇది నిజంగా ఫోన్ పరిమితి. సెన్సర్ పెద్దదైతే, ప్రాసెసింగ్ మెరుగైతే ఇది తగ్గుతుంది.

చివరిది, లైట్ల చుట్టూ పొగ కమ్మినట్టు, పొడవాటి చారలు. దీనికి మందు జేబురుమాలు. లెన్స్ మీద వేలిముద్ర జిడ్డు. నవ్వొస్తుంది కానీ, ఇంత చవకైన అప్‌గ్రేడ్ ఇంకోటి లేదు.

మరి నైట్ మోడ్ పెడితే సరిపోదా అంటారేమో. 2018లో పిక్సెల్ 3 తో పాటు వచ్చిన గూగుల్ నైట్ సైట్ దగ్గర్నుంచి ఇవాళ్టి ఫోన్ల దాకా పద్ధతి ఒక్కటే: వరసగా చాలా ఫ్రేములు తీసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, నాయిస్‌ని సగటు చేసేయడం. కదలని గోడకి ఇది అద్భుతంగా పనిచేస్తుంది. కదిలే మనిషి ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట ఉంటారు కాబట్టి ఆ భాగాన్ని పేర్చడం కుదరదు. సాఫ్ట్‌వేర్ అక్కడ తక్కువ ఫ్రేములతో సర్దుకుంటుంది. అందుకే ఒకే ఫొటోలో గోడ నున్నగా, మనుషులు గరుకుగా కనిపిస్తారు. గుడి గోపురానికి నైట్ మోడ్ పెట్టండి, ఆటకి పెట్టకండి.

ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటోకి అడ్డంగా నల్లటి పట్టీలు పడుతుంటే కెమెరా పాడైందని సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తకండి. మన దగ్గర కరెంట్ 50 హెర్ట్జ్. చవక రకం లైట్లు దానికి తగ్గట్టు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. సెన్సర్ బొమ్మను వరసలు వరసలుగా చదువుతుంది కాబట్టి షటర్ మరీ వేగంగా ఉంటే కొన్ని వరసలకి వెలుగు, కొన్నిటికి చీకటి దొరుకుతాయి. ప్రో మోడ్‌లో 1/50 లేదా 1/100 పెడితే చాలా సందర్భాల్లో పట్టీలు పోతాయి. డెకరేషన్ స్ట్రిప్ లైట్లు, ఎల్‌ఈడీ తెరలు కొన్ని వేరే వేగంతో మిణుకుమంటాయి, వాటితో కాస్త ప్రయోగాలు చేయాల్సిందే. చూశారుగా, చేతిని ఆపాలంటే 1/125, పట్టీలు పోవాలంటే 1/100. రాజీ పడక తప్పదు.

బంతిపూలు, తంగేడు పూలు ఒకే పసుపు ముద్దలా వచ్చాయంటే అది మెగాపిక్సెల్స్ గొడవ కాదు. చుట్టూ చీకటి ఉండటంతో కెమెరా వెలుగు పెంచేసింది, పువ్వుల రంగు గరిష్ఠానికి తగిలి రేకుల మధ్య తేడా పోయింది. పువ్వు మీద ట్యాప్ చేసి, పక్కనే వచ్చే సూర్యుడి గుర్తుని కాస్త కిందికి లాగండి. నీడల్ని తర్వాత ఎడిటింగ్‌లో పెంచుకోవచ్చు, పోయిన రేకుల్ని తెచ్చుకోలేం.

ఏ లెన్స్‌తో తీశారు?

సలహా ఇచ్చేవాళ్లు అడగడం మరిచిపోయే ప్రశ్న ఇది. 3ఎక్స్ నొక్కినంత మాత్రాన టెలిఫొటో లెన్స్ పనిచేస్తోందని కాదు. వెలుగు తగ్గినా, వస్తువు మరీ దగ్గరగా ఉన్నా చాలా ఫోన్లు చప్పుడు చేయకుండా మెయిన్ కెమెరాకి మారి, మధ్య భాగాన్ని కత్తిరించి పెద్దది చేస్తాయి. 3ఎక్స్‌లో ఉన్నప్పుడు టెలి లెన్స్‌ని వేలితో మూసి చూడండి. స్క్రీన్ నల్లబడకపోతే మీరు తీస్తున్నది మెయిన్ కెమెరాతోనే.

మెగాపిక్సెల్స్ గురించి కూడా ఒక మాట. 50 మెగాపిక్సెల్ ఫోన్ మామూలుగా నాలుగు పిక్సెల్స్‌ని ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెల్ ఫొటో ఇస్తుంది. 200 అయితే పదహారింటిని ఒకటి చేసి అదే 12.5. కాబట్టి ఒకరు ఫుల్ 50లో, ఇంకొకరు మామూలు మోడ్‌లో తీసి, రెండూ వంద శాతం జూమ్‌లో పక్కపక్కన పెడితే ఆ పోలికకి అర్థం లేదు. 50 ఫైల్ ఎప్పుడూ మెత్తగానే కనిపిస్తుంది. రెండిటినీ ఒకే సైజుకి తెచ్చి, ఒకే స్క్రీన్ మీద చూడాలి. ఒకరు అమోలెడ్‌లో వివిడ్ మోడ్ పెట్టుకుని, ఇంకొకరు ఆఫీసు మానిటర్ మీద చూసి రంగుల గురించి వాదించుకుంటే తెల్లారినా తేలదు.

ఈసారి గ్రూపులో అడిగేటప్పుడు ఇలా రాసి చూడండి: "ఒరిజినల్ డాక్యుమెంట్‌గా పెట్టా, ఎడిట్ చేయలేదు. 1ఎక్స్, షటర్ 1/30, ఐఎస్ఓ 1600, చేత్తో పట్టుకుని తీశా. ముఖాలు మెత్తగా ఎందుకొచ్చాయి?" దీనికి వచ్చే జవాబులు వేరే స్థాయిలో ఉంటాయి.

ఫోన్‌దే తప్పని తేల్చాలంటే మాత్రం ఒక టెస్ట్ ఉంది. పగటి వెలుగులో, లెన్స్ తుడిచి, ఇటుక గోడకి ఎదురుగా ఫోన్‌ని కదలకుండా నిలబెట్టి, టైమర్‌తో 1ఎక్స్‌లో నాలుగైదు ఫొటోలు తీయండి. నాలుగు మూలలూ మధ్య భాగం కంటే కాస్త మెత్తగా ఉండటం మామూలే. ఒక్క మూల లేదా ఒక్క పక్క మాత్రమే ప్రతి ఫొటోలోనూ అలికినట్టుంటే లెన్స్ సరిగ్గా కూర్చోకపోయి ఉండొచ్చు. వారంటీ ఉంటే, ఆ ఒరిజినల్ ఫైల్స్ ఫోన్‌లోనే ఉంచుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. వాట్సాప్‌లో వచ్చిన కాపీ చూపిస్తే వాళ్లు కూడా ఒప్పుకోరు.