తోటి ప్రయాణికుల దేవుడు

2013 అక్టోబరు చివరి వారం. కోస్తా జిల్లాలన్నీ వానలో నానుతున్న రోజులవి. మా శ్రీమతి అక్కగారి జ్ఞాపకార్థ కూడిక కోసం మేమిద్దరం విజయవాడలో రైలెక్కి శ్రీకాకుళం బయలుదేరాం. ఇల్లు కదిలే ముందు మోకరించి, 121వ కీర్తన చదువుకుని, ప్రయాణాన్ని క్షేమంగా నడిపించమని ప్రభువును వేడుకున్నాం. రెండూ కింది బెర్తులే దొరికినందుకు ప్రత్యేకంగా స్తోత్రం కూడా చెల్లించాం.

మా బోగీలో తలుపు దగ్గర నేలమీద ఒక కూలీల కుటుంబం కూర్చుంది. విజయవాడలో ఇళ్ల కట్టుబడి పనులు ముగించుకుని పలాస దగ్గర తమ ఊరికి వెళ్తున్నారు. భార్యాభర్తలు, నాలుగేళ్ల పిల్లవాడు. వాన జల్లు లోపలికి కొడుతుంటే ఆ తల్లి మా దగ్గరికి వచ్చి, "బాబూ, పిల్లడ్ని కాసేపు ఈ చివర కూకోబెట్టనా?" అని అడిగింది. "ఇది రిజర్వేషన్ బోగీ అమ్మా" అన్నాం. అందులో అబద్ధమేమీ లేదు. ఆ బెర్తులకు డబ్బు కట్టింది మేమే. అయినా ఆమె మారు మాట్లాడకుండా వెనక్కి వెళ్లాక, చేతిలోని బైబిలు కాస్త బరువనిపించింది. ఆ బరువును పట్టించుకోకుండా చదువుతూ కూర్చున్నాం.

మా శ్రీమతికి చాలా ఏళ్లుగా మధుమేహం ఉంది. విశాఖపట్నం దాటాక, ఇంకాసేపట్లో విజయనగరంలో భోజనం కొనుక్కోవచ్చు కదా అని ఆమె ముందుగానే ఇన్సులిన్ తీసుకున్నారు. ఆ తర్వాత పది నిమిషాలకే రైలు ఒక చిన్న స్టేషన్‌లో ఆగిపోయింది. ముందు పట్టాల మీదికి నీళ్లు వచ్చాయన్నారు. గంట గడిచింది, రెండో గంటా గడిచింది. ప్లాట్‌ఫారం మీద ఒక్క దుకాణం లేదు, దీపాలు లేవు. తెచ్చుకున్న పులిహోర మధ్యాహ్నమే అయిపోయింది. ఎప్పుడూ సంచిలో ఉండే పంచదార పొట్లం ఆ రోజు ఇంట్లోనే మరిచిపోయాం. ఆమెకు చెమటలు పట్టాయి, చేతులు వణకడం మొదలైంది, మాట తడబడింది. మేము ఆమె చెయ్యి పట్టుకుని ప్రార్థించాం. కన్నీళ్లతో ప్రార్థించాం.

కళ్లు తెరిచేసరికి ఆ కూలీ తల్లి మా ఎదుట నిలబడి ఉంది. "మా అత్తకీ ఇలాగే వచ్చీది బాబూ, బెల్లం పెడితే నిమ్మళించీది" అంటూ మూట విప్పింది. ఊళ్లో పిల్లల కోసం కొన్న బెల్లం అచ్చును కిటికీ చువ్వకు కొట్టి, ముక్కలు చేసి, మా శ్రీమతి నోటికి తనే అందించింది. ఆమె భర్త చీకట్లో, మోకాలి లోతు నీళ్లలో ఊళ్లోకి నడిచి వెళ్లి, ఎవరి ఇంట్లోనో అడిగి ఒక గిన్నెడు అన్నం తెచ్చాడు. మా శ్రీమతి తేరుకున్నారు. రైలు కదిలేసరికి అర్ధరాత్రి దాటింది. అప్పటికి ఆ పిల్లవాడు మా బెర్తు మీద, మా శ్రీమతి ఒడిలో తల పెట్టుకుని నిద్రపోతున్నాడు.

మా ప్రార్థనకు దేవుడు జవాబిచ్చాడు. కానీ ఆ జవాబు, మేము చోటివ్వని చేతుల మీదుగా వచ్చింది.

ఆ తర్వాత అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయాలను మేము మళ్లీ చదివాం. అంతకుముందు వాటి మీద ఎన్నో ప్రసంగాలు చేసినవాళ్లమే. తుఫాను, నమ్మకం, దేవుని కాపుదల అంటూ చెప్పేవాళ్లం. ఆ రైలు ప్రయాణం తర్వాత, ఆ రెండు అధ్యాయాల్లో అంతవరకూ మా కంటికి ఆనని మనుషులు కనిపించారు.

క్రీ.శ. 60 ప్రాంతం. పౌలు ఖైదీగా రోమాకు ఓడలో వెళ్తున్నాడు. ఓడ సీదోను రేవులో ఆగినప్పుడు, అతనికి కాపలాగా ఉన్న యూలి అనే శతాధిపతి, స్నేహితుల దగ్గరికి వెళ్లి వారి పరామర్శ పొందడానికి పౌలుకు సెలవిచ్చాడు. యూలి విశ్వాసి అని లూకా ఎక్కడా రాయలేదు. రోమా సైన్యంలో ఉద్యోగి, అంతే. అయినా దయ చూపించాడు.

ఆ తర్వాత పెనుగాలి పట్టుకుంది. ఎన్నో రోజులు సూర్యుడు లేడు, నక్షత్రాలు లేవు. ఆ రోజుల్లో నావికులకు దిక్కు తెలిసేది వాటివల్లే. అవి కనబడకపోతే ఓడ ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. బతుకుతామన్న ఆశ అందరికీ పోయింది. అటువంటి రాత్రి దేవుని దూత పౌలు దగ్గర నిలిచి, నీవు కైసరు ఎదుట నిలబడక తప్పదని చెప్పాడు. అంతటితో ఆగలేదు. ఓడలో నీతోకూడ ఉన్నవారందరినీ దేవుడు నీకు అనుగ్రహించాడని కూడా చెప్పాడు (27:24).

ఈ మాట దగ్గర మనం ఆగి ఆలోచించాలి. ప్రయాణానికి ముందు మనం చేసే ప్రార్థనలో ఎవరుంటారు? మనం, మన పిల్లలు, మన సామాను. అదే బస్సులో మన వెనక సీట్లో కూర్చునేవారు మన ప్రార్థనలో ఉంటారా? పౌలుతో ఆ ఓడలో ఉన్నవారిలో సైనికులున్నారు, నావికులున్నారు, తోటి ఖైదీలున్నారు. మొత్తం 276 మంది. దేవుని లెక్కలో వాళ్లందరూ ఉన్నారు. ఒక విశ్వాసి ఎక్కిన ఓడ, ఒక్క విశ్వాసి కోసమే ఒడ్డుకు చేరనక్కర్లేదు.

మరి ఆ వాగ్దానం విన్న పౌలు ఏం చేశాడు? ఒక మూల కూర్చుని నిద్రపోలేదు. నావికులు చిన్న పడవలో పారిపోబోతుంటే శతాధిపతిని హెచ్చరించాడు. పద్నాలుగు రోజులుగా సరిగా తినని వాళ్లను తినమని బతిమాలాడు. అందరి ఎదుట దేవునికి కృతజ్ఞతలు చెల్లించి, రొట్టె విరిచి, ముందుగా తాను తిన్నాడు. అది చూసి మిగిలినవాళ్లూ ధైర్యం తెచ్చుకుని తిన్నారు. దేవుణ్ణి నమ్మడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. భయపడుతున్న మనిషి చేత నాలుగు ముద్దలు తినిపించడం కూడా విశ్వాసమే.

చివరికి ఓడ బద్దలైంది గాని, అందరూ ఒడ్డుకు చేరారు. అది మెలితే ద్వీపం. నేటి మాల్టా. అక్కడివారిని లూకా గ్రీకులో 'బర్బరోయి' అన్నాడు. గ్రీకు మాట్లాడనివారిని ఆ కాలంలో అలా పిలిచేవారు. మన తెలుగు బైబిలులో 'అనాగరికులు' అని ఉంది. ఆ అనాగరికులు, వానలో, చలిలో వణుకుతున్న 276 మంది అపరిచితుల కోసం నిప్పు రాజేశారు. ఎవరు ఖైదీ, ఎవరు అధికారి అని చూడలేదు. అందరినీ చేర్చుకున్నారు.

వాళ్ల దయను చెప్పడానికి లూకా 'ఫిలాంత్రోపియా' అనే మాట వాడాడు. మనిషి పట్ల ప్రేమ అని దాని అర్థం. సీదోనులో యూలి చూపిన దయకు కూడా ఇదే మాటకు మరో రూపం వాడాడు. కొత్త నిబంధన మొత్తంలో ఈ మాట ఈ రెండు చోట్ల కాక ఇంకొక్క చోటే కనిపిస్తుంది. అది తీతు పత్రిక 3:4. అక్కడ అది యేసుక్రీస్తులో ప్రత్యక్షమైన దేవుని ప్రేమను గురించి చెప్పిన మాట! పరలోకపు తండ్రి ప్రేమకు ఏ మాట వాడారో, పేరు కూడా తెలియని ద్వీపవాసులు రాజేసిన చలిమంటకు కూడా పరిశుద్ధ గ్రంథం అదే మాట వాడింది.

సెమినరీలో ఈ పదం గురించి మేము పరీక్ష రాశాం. కానీ దాని అర్థం మాకు తెలిసింది మాత్రం ఆ చీకటి స్టేషన్‌లో, కిటికీ చువ్వ మీద బెల్లం పగిలిన చప్పుడు విన్నప్పుడే.

మరొక సంగతి గమనించండి. ఆ మంట దగ్గర పౌలు ఊరికే చలి కాచుకోలేదు. తానూ పుల్లలు ఏరి తెచ్చి మంటలో వేశాడు. ఎంత గొప్ప దైవజనుడు! అయినా పుల్లలేరడం తన పని కాదనుకోలేదు. ఆ తర్వాత ఆ ద్వీపంలో ముఖ్యుడైన పొప్లి మూడు రోజులు ఆతిథ్యమిచ్చాడు. అతని తండ్రి జ్వరంతో, రక్తభేదితో పడి ఉంటే పౌలు ప్రార్థించి స్వస్థపరిచాడు. పుచ్చుకోవడం, ఇవ్వడం రెండూ అక్కడ జరిగాయి. క్రైస్తవులమైన మనకు ఇవ్వడం గురించి బాగా తెలుసు. ఇతరుల చేతి నుండి దీనంగా పుచ్చుకోవడం కూడా నేర్చుకోవాలి. అందరికీ మనమే వెలుగు తీసుకెళ్తున్నామనుకుంటాం. మనకంటే ముందే దేవుడు అక్కడ ఎవరి చేతనో మంట రాజేయించి ఉంచాడేమో!

ప్రయాణంలో మన విశ్వాసాన్ని చూపించడానికి పెద్ద పెద్ద అవకాశాలు అక్కర్లేదు. పై బెర్తు ఎక్కలేని పెద్దాయనకు మన కింది బెర్తు ఇవ్వవచ్చు. బస్సులో చంటిబిడ్డతో నిలబడ్డ తల్లికి చోటివ్వవచ్చు. కూడికలకు మనల్ని తీసుకొచ్చిన వ్యాను డ్రైవరు భోంచేశాడో లేదో కనుక్కోవచ్చు. పొరుగూరి నుండి ఆసుపత్రికి వచ్చి వరండాలో పడుకున్నవారికి మన సంఘం నుండి ఒక పూట అన్నం పంపవచ్చు. ఇవి చిన్న పనులే. పుల్లలేరడం కూడా చిన్న పనే.

తెల్లవారుజామున మేము ఆమదాలవలసలో దిగిపోయాం. నిద్ర కళ్లతో, సామాను హడావుడిలో ఆ తల్లి పేరైనా అడగలేదు. ఆ కొరత ఇప్పటికీ ఉంది. ఎక్కడున్నా ఆ కుటుంబాన్ని దీవించమని ప్రభువును అడుగుతూనే ఉన్నాం.

ఇప్పటికీ ప్రయాణానికి ముందు 121వ కీర్తన చదువుకుంటాం. ఆ తర్వాత, మాతో ఆ బోగీ ఎక్కబోయేవారందరి కోసం ప్రార్థిస్తాం. సంచిలో రెండు బెల్లం పొట్లాలు పెట్టుకుంటాం. ఒకటి మా కోసం. రెండోది ఎవరి కోసమో ప్రభువుకు తెలుసు.