కోరంగి మడచెట్లు

గౌతమీ గోదావరి సముద్రమున గలియు చోట, కాకినాడకు దక్షిణమున, కోరంగి చుట్టుపట్ల వ్యాపించిన మడ అడవిలో, పోటునీరు తీసిన వేళ పడవపై పోవువారికి మొట్టమొదట కంటబడునవి చెట్లు కావు, బురదనుండి జానెడెత్తున నిక్కి నిలిచిన అసంఖ్యాకములగు సన్నని వేళ్లు. అవి నల్లమడ, తెల్లమడ చెట్ల శ్వాసమూలములు. నిరంతరము నీట నానుచుండు ఆ రొంపిలో ప్రాణవాయువు మృగ్యప్రాయము. అందుచేత మడచెట్టు తన వేళ్లను ఊర్ధ్వముఖముగా పంపి, వానిపైని సూక్ష్మరంధ్రముల గుండ గాలిని గ్రహించుచున్నది. ఒంటబట్టిన లవణమును ఆకులమీది గ్రంథులనుండి వెలిగ్రక్కును. ఎండవేళ ఆ ఆకును తడిమినచో వ్రేలికి తెల్లని ఉప్పుపొడి అంటుకొనును. ఉప్పుపొన్న తీరు వేరు. దాని గింజ తల్లిచెట్టుననే మొలకెత్తి, పొడుగాటి కాడయై వ్రేలాడి, రాలినపుడు బురదలో నాటుకొనును, లేదా నీట తేలిపోయి మరియొక ఒడ్డున వేరూనును.

సూర్యకాంతి సాయమున బొగ్గుపులుసు వాయువును నీటిని కలిపి చక్కెర కావించి, ఆ వ్యాపారముననే ప్రాణవాయువును విడుచుట పత్రహరితము గల జీవులకే చెల్లిన విద్య. మనకు గాని, మృగమునకు గాని, చేపకు గాని అది చేతకాదు. మన అన్నమంతయు ఆ విద్యకే ఋణపడియున్నది. రాలిన మడాకును పీతలు చీల్చి తినును. మిగిలినది సూక్ష్మజీవులవలన చివికి నలుసులగును. ఆ నలుసులతో రొయ్యపిల్లలు పెరుగును. రొయ్యను చేపయు, చేపను ఆ అడవిలోని నీటిపిల్లియు మనుష్యుడును భుజింతురు. బజారున గంపలోని పండుగప్పను బేరమాడువారిలో ఎందరికి దాని బాల్యము మడవేళ్ల చాటున గడచియుండునని తట్టును?

1839 నవంబరులో ఉప్పెన వచ్చి కోరంగి రేవుపట్టణమును రూపుమాపిన తీరమిది. మడ అడవి ఎట్టి ఉప్పెననైనను ఆపునని చెప్పజాలము గాని, అలల ఉరవడిని ఆ వేళ్ల అల్లిక కొంత విరుచుననుట నిశ్చయము. 1978లో ఇచట సుమారు 235 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును అభయారణ్యముగా ప్రకటించిరి. అది మిక్కిలి మంచిపని. అయినను ప్రకటన మాత్రమున చెట్టు మొలవదు. నరికివేతవలన బయలైన చోట నేల క్రుంగి, పోటునీరు నిలిచి ఎండి, ఉప్పు పేరుకొనును. అట్టి చోట నాటిన మొక్క బ్రతుకుట దుర్లభము. కావున గోదావరి ముఖద్వారమున అటవీశాఖవారు ముందుగా చేపముల్లు ఆకృతిలో కాలువలు త్రవ్వించి, పోటుపాటులకు దారి చేసి, ఉప్పు కడిగిపోయిన పిమ్మట వాని గట్లవెంట మడమొక్కలు నాటించిరి.