పెనుకొండకు నది వచ్చిన కథ

అనంతపురం నుంచి బెంగుళూరుకు రైలులో పోయేవారికి ధర్మవరం దాటిన తరువాత పెనుకొండ అనే స్టేషను తగులుతుంది. "పెను" అంటే పెద్ద. పేరుకు తగినట్టే ఊరిని ఆనుకుని పెద్ద కొండ వున్నది. కొండమీదా, కిందా పాత కోటగోడలున్నవి. ఈ ఊరు ఒకప్పుడు అనంతపురం జిల్లాలోది. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోది.

ఇది ఒక సామ్రాజ్యానికి రాజధాని అంటే చూడనివాళ్ళు నమ్మరు. 1565లో తళ్ళికోట యుద్ధంలో అళియ రామరాయలు చనిపోయాడు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు విజయనగరం ధనాన్ని ఏనుగులమీద ఎక్కించి పెనుకొండకు తరలివచ్చాడు. హంపీ పాడుపడింది, పెనుకొండ రాజధాని అయింది.

తరువాత వెంకటపతిరాయల కాలంలో, 1589 ప్రాంతాన, గోలకొండ సుల్తాను వచ్చి ఈ కోటను ముట్టడించాడు. రాయలు సంధికి ఒప్పుకున్నట్టు కబురు పంపాడు. సుల్తాను సేనలను వెనక్కు తీశాడు. ఆ సందులో, మూడే మూడు రోజుల్లో, సామంతులు కోటలోకి తిండిగింజలూ, సైనికులనూ చేరవేశారు! ఇంతలో వానాకాలం దగ్గరపడింది. కృష్ణ పొంగితే ఇల్లు చేరడం కష్టమని సుల్తాను తిరిగిపోయాడు.

తిండి మూడు రోజుల్లో తేవచ్చు. నీళ్ళో? ఈ సీమలో సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. అదీ ఒక ఏడు పడితే ఇంకొక ఏడు మొహం చాటేస్తుంది. అటువంటిచోట రాజధానిని నిలబెట్టడం కత్తిపట్టినవాడివల్ల అయ్యే పని కాదు.

ఆ పని చేసినవాడి పేరు ఒక రాతిశాసనంలో వున్నది. అది గౌరిబిదనూరు ప్రాంతంలో దొరికింది. 1388లో విజయనగర రాజకుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో వుండి పాలిస్తున్నాడు. ప్రజలందరూ సుఖంగా వుండాలని ఆయన తలచాడు. ఆయన జలసూత్రం తెలిసిన సింగయభట్టును పిలిచి, హెన్నె నదిని పెనుకొండకు తెమ్మని ఆజ్ఞ ఇచ్చాడు. హెన్నె అంటే మన పెన్న. సింగయభట్టు నది నుంచి సిరువెర చెరువు దాకా కాలువ తవ్వించాడు. దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టారు. రాజుల పేర్లు ఎన్నో శాసనాల్లో వుంటవి. కాలువ తవ్వించిన పనిమంతుడి పేరు వుండటం అరుదు. నాకు ఈ రాయి గగనమహలు కంటె గొప్పదిగా తోస్తుంది.

నదిని తేవడం ఎట్లా? నీరు పల్లానికే పోతుంది. నది సాధారణంగా పల్లంలోనే వుంటుంది గనుక, ఊరికి ఎదురుగా వున్నచోట తవ్వితే నీరు ఎక్కిరాదు. ఎగువకు పోయి, నది ఊరికంటె ఎత్తున వున్నచోట దాన్ని పట్టుకోవాలి. అక్కడి నుంచి గుట్టల చుట్టూ తిప్పుకుంటూ, కొంచెం కొంచెం వాలుతో తేవాలి. వాలు ఎక్కువైతే నీరు గట్లను కోసేస్తుంది; తక్కువైతే ఒండ్రు నిలిచి కాలువ పూడిపోతుంది. పంపులూ, ఇంజనులూ లేని కాలంలో ఆ వాలును తప్పకుండా కొలవడమే జలసూత్రం.

ఇదే చిక్కు రోమనులకూ వచ్చింది. జర్మనీలో మోసెల్ నది ఒడ్డున ట్రియర్ అనే నగరం వున్నది. రెండువేల ఏళ్ళ కిందట అగస్టస్ చక్రవర్తి కాలంలో పుట్టిన ఊరు అది. పక్కనే పెద్ద నది వున్నా, రోమనులు రూవర్ అనే చిన్న నదిని పట్టుకుని సుమారు 13 కిలోమీటర్లు కాలువలో నడిపించి ఊళ్ళోకి తెచ్చారు. ఆ నీటితోనే స్నానశాలలు నడిచేవి. అక్కడి నల్లకోటవాకిలి సుమారు క్రీ. శ. 170లో కట్టినది. సున్నం లేకుండా, రాతికీ రాతికీ ఇనుప బందులు వేసి కట్టారు. ఆ ఇనుముకోసం తరువాతివాళ్ళు రాళ్ళను తొలిచిన కన్నాలు నేటికీ కనిపిస్తవి! ఏటి ఒడ్డున నిటారుగా వుండే పలకరాతి గుట్టల మీద ద్రాక్షతోటలున్నవి. ఆ రాళ్ళు పగలు ఎండను దాచుకుని రాత్రి తీగెలకు వెచ్చదనం ఇస్తవి. చలిదేశం గదా, వాళ్ళకు ఎండ కరువు. అనంతపురం ప్రాంతంలోనూ ద్రాక్ష పండుతుంది. ఇక్కడ ఎండకు కరువులేదు, కరువల్లా నీటికే.

పెనుకొండ చూడబోయేవారు ముందు గగనమహలు చూడాలి. దాని కమానులు సుల్తానుల పద్ధతివి, పైశిఖరం గుళ్ళ పద్ధతిది. ఒకదానికొకటి ఆనుకున్నట్టుండే రామాలయం, శివాలయం, పార్శ్వనాథుని జైనాలయం, బాబయ్య దర్గా కూడా ఊళ్ళోనే వున్నవి. తిమ్మరుసు మంత్రిని బంధించిన చోటు ఇదేనని కూడా ఊరివాళ్ళు చెప్పుకుంటారు.

ఊరికి దగ్గరలో గొల్లపల్లి జలాశయం వున్నది. శ్రీశైలం వెనకనీటి నుంచి హంద్రీ-నీవా కాలువద్వారా, పంపులతో మెట్టుమెట్టుగా ఎత్తిపోస్తే కృష్ణ నీళ్ళు దీనిలోకి వస్తవి. 2019లో కార్లు చేయడం మొదలుపెట్టిన కియా కర్మాగారానికి ఈ నీళ్ళే ఆధారం. సింగయభట్టు నీటిని పల్లానికి నడిపించాడు. ఇప్పటివారు కరెంటు ఖర్చుపెట్టి మిట్టకు ఎక్కిస్తున్నారు.

కొండ ఎక్కదలచినవారు తెల్లవారుతూనే బయలుదేరాలి. తాగే నీళ్ళు వెంట తీసుకుపోవడం మరవకూడదు.