వికీపీడియాలో తొలి హెచ్చరిక: బస్తర్ మాటకు మూలం ఎక్కడ?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో మురియా గోండుల యువజన మందిరాన్ని ఘోటుల్ అంటారు. పెళ్లికాని యువతీయువకులు సాయంత్రాలు అక్కడ చేరి పాటలు, ఆటలు, ఊరి పనులు, నడవడిక నేర్చుకునేవారు. దాన్ని లింగో దేవుడే నెలకొల్పాడని వారి నమ్మకం. దీనిపై ఎక్కువగా ఉదహరించే పుస్తకం వెరియర్ ఎల్విన్ 1947లో ప్రచురించిన 'ద మురియా అండ్ దేర్ ఘోటుల్'. ఆ తర్వాత బయటివారు రాసిన వాటిలో చాలామటుకు అక్కడి లైంగిక విషయాలనే పట్టుకు వేలాడాయి. అది తమకు బడిలాంటిదని చెప్పే మురియాల మాట అచ్చులో అంతగా కనిపించదు.

నారాయణపూర్ నుంచి ఒక మురియా విద్యార్థి ఈ విషయంపై వికీపీడియా వ్యాసం తెరిచాడనుకుందాం. తప్పుగా తోచిన వాక్యం తీసేసి, తాత చెప్పింది రాస్తాడు. కాసేపటికే ఎక్కడో ఉన్న మరో వాడుకరి ఆ మార్పును రద్దు చేసి, మూలం ఉన్న సమాచారాన్ని తొలగించవద్దని అతని చర్చా పేజీలో రాస్తాడు. విద్యార్థి మళ్లీ రాస్తాడు, మళ్లీ రద్దవుతుంది. ఈసారి హెచ్చరిక ఘాటుగా ఉంటుంది. ఇద్దరిలో ఎవరికీ దురుద్దేశం లేదు.

ఇంగ్లీషు వికీపీడియాలో ఇలాంటి హెచ్చరికలకు మెట్లున్నాయి. మొదటిది సదుద్దేశంతోనే చేసి ఉంటారని భావించి మర్యాదగా చెప్పేది, నాలుగోది ఆఖరి హెచ్చరిక. ఆ తర్వాత నిరోధమే. ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి ఇతరుల మార్పుల్ని రద్దు చేయకూడదన్న నియమమూ ఉంది. రాసింది నిజమే అయినా ఇది వర్తిస్తుంది. భారత్ తదితర దక్షిణాసియా దేశాల వ్యాసాల్లోనైతే నిర్వాహకులు మరింత త్వరగా ఆంక్షలు పెట్టవచ్చు. బస్తర్‌లో తగవుకు తావిచ్చే విషయాలకు కొదవ లేదు. 2005లో మొదలైన సల్వాజుడుంను ప్రజా ఉద్యమం అనాలా, ప్రభుత్వ అండ ఉన్న సాయుధ దళం అనాలా? ఒక్క పదం దగ్గరే పేచీ పుడుతుంది. అయితే అక్కడ పట్టు దొరుకుతుంది. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పింది. ఎవరైనా ఆ తీర్పును చూపించి రాయవచ్చు. ఘోటుల్ గురించి తాత చెప్పిన మాటకు అలాంటి కాగితం లేదు.

తగవులన్నీ చెడ్డవేమీ కావు. భిన్న రాజకీయాభిప్రాయాలున్న వారు కలిసి రాసిన వ్యాసాల నాణ్యత మెరుగ్గా ఉంటుందని 2019లో 'నేచర్ హ్యూమన్ బిహేవియర్'లో వచ్చిన అధ్యయనం తేల్చింది. చర్చా పేజీల్లో వాళ్లు ఎక్కువ వాదించుకుంటారు, ఆ వాదనలో నియమాలను ఎక్కువగా వాడతారు. కానీ వాదనకు నిలబడాలంటే ముందు మనిషి అక్కడ ఉండాలి కదా!

చిక్కంతా ఇక్కడే. ఇంగ్లీషు వికీపీడియాలో చురుకైన వాడుకరుల సంఖ్య 2007లో పతాకస్థాయికి చేరి, ఆపై తగ్గుతూ వచ్చింది. ఆరన్ హాఫేకర్, మరో ముగ్గురు పరిశోధకులు 2013లో దీనికి కారణం వెతికారు. కొత్తగా వచ్చేవారి ఉద్దేశాలు చెడిపోలేదు. మంచి ఉద్దేశంతో చేసిన మార్పులు కూడా ఎక్కువగా తిరస్కరణకు గురయ్యాయి, అలా దెబ్బతిన్నవారు వెళ్లిపోయారు. విధ్వంసక రాతలను వేగంగా తుడిచేందుకు తయారైన సాఫ్ట్‌వేర్ పనిముట్లు, ముందే రాసిపెట్టిన హెచ్చరికలు కూడా అందులో పాలుపంచుకున్నాయి. తప్పుడు రాతను సెకన్లలో పట్టేసే పనిముట్టుకు, తెలియక తప్పు చేసినవాడికి ఓపికగా చెప్పే తీరిక ఉండదు మరి. కొత్తవారిని కరవకండి అన్న మార్గదర్శకం వికీపీడియాలోనే ఉండటం ఇందులో విచిత్రం.

ఈ లెక్కలు ఇంగ్లీషు వికీపీడియావి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా లాంటి చోట రాసేవారు కొద్దిమందే. రచ్చబండలో జరిగే చర్చ చాలావరకు తెలిసినవారి మధ్యే. అక్కడ ఒక్కరు అలిగి వెళ్లినా ఆ లోటు పెద్దది.

అలాగని తాత మాటను యథాతథంగా చేర్చేయమనడమూ కుదరదు. అదే వెసులుబాటు పుకార్లకూ దక్కుతుంది, అబద్ధం చెప్పేవారికీ తాతలుంటారు. ఈ ముడి విప్పే ప్రయత్నం 2011లో జరిగింది. 'పీపుల్ ఆర్ నాలెడ్జ్' పేరిట అచల్ ప్రభల నడిపిన ప్రాజెక్టులో, భారత్‌లోనూ దక్షిణాఫ్రికాలోనూ పల్లె ఆటలు, వంటకాలు తెలిసినవారిని పలకరించి, ఆ రికార్డింగులనే వికీపీడియా వ్యాసాలకు మూలాలుగా చూపారు. దానిపై వికీపీడియా వాడుకరుల్లోనే తీవ్ర అభ్యంతరాలు వచ్చాయి. మాట్లాడిన మనిషి చెప్పింది సరైనదో కాదో ఎవరు సరిచూశారన్నది వాళ్ల ప్రశ్న.

ఆ ప్రశ్నకు ఒక జవాబు ఛత్తీస్‌గఢ్‌లోనే కనిపిస్తుంది. 2010లో మొదలైన 'సీజీనెట్ స్వర'లో పల్లెవాసులు మామూలు ఫోన్ నుంచి తమ మాట రికార్డు చేస్తే, వినేవారికి వెళ్లే ముందు దాన్ని సంపాదక బృందం సరిచూస్తుంది. గోండి ప్రామాణిక నిఘంటువు ప్రయత్నం వెనుకా ఈ బృందమే ఉంది. తెలుగుకు దగ్గరి చుట్టమైన గోండిని 2011 జనగణన ప్రకారం దాదాపు 30 లక్షల మంది మాట్లాడతారు. ఒకే వస్తువుకు రాష్ట్రానికో మాట ఉంటుంది. ఏ మాట ఉంచాలి, ఏది వదలాలి అని వేర్వేరు రాష్ట్రాల గోండులు ఒకచోట కూర్చుని ఏళ్ల తరబడి తర్జనభర్జన పడ్డాక 2018లో ఆ నిఘంటువు వెలువడింది. గోండి మాట ఒకదానికి అర్థం రాసే వాడుకరిని మూలం అడిగితే, ఇప్పుడు ఆ పుస్తకంలోని పుట సంఖ్య చూపవచ్చు.